మామిడి బీరు, ధనియాల బీరు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ‘మా వ్యాపకాలు’ కార్యక్రమంలో 1993 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, “ఉద్యోగం గురించి వద్దన్నా, అందరూ అవే చెప్తున్నారు. మీకేదైనా హాబీ ఉంటే దాని గురించి చెప్పండి” అన్నారు. “ఇంట్లో బీరు చేస్తుంటాను” అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. ఫోన్ కట్ అయిందనుకున్నాను. తర్వాత మెల్లగా, “ఫొటోగ్రఫీ లాంటిది ఇంకేమీ లేదా అన్నా?” అని అడిగారు. లేదన్నాను. మా సైన్స్ సార్‌ను అడిగి చెప్తామన్నారు. సార్, “వాణ్ణి మాట్లాడనీయండి, రసాయనశాస్త్రమే కదా” అన్నారట. కాబట్టి ఈ ప్రసంగంలో తప్పులుంటే సగం బాధ్యత ముందు వరుసలో కూర్చున్న ఆయనది.

పిల్లలు కూడా ఉన్నారు కనుక ముందే ఒక మాట. నేనుండేది అమెరికాలో, ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ పక్కన. అక్కడ ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో వచ్చిన వెసులుబాటు అది. ఒక్కరే పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి నూరు గ్యాలన్లు, ఇద్దరు, అంతకు మించి ఉంటే రెండు వందలు. అమ్మకూడదు. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజు వాళ్ళు వస్తారు. నా మాట విని ఎవరూ ఇంటికెళ్ళి బకెట్ పెట్టకండి.

నేను మొదలుపెట్టింది 2015 చలికాలంలో. మా ఆఫీసులో పనిచేసే ఒకాయన ఇల్లు మారుతూ మూతకు చిన్న గొట్టం ఉన్న పెద్ద ప్లాస్టిక్ బకెట్టు, ఒక హైడ్రోమీటరు, సీసాలకు మూతలు బిగించే పరికరం నాకిచ్చి వెళ్ళాడు. మా ప్రాంతంలో ఈ పిచ్చి ఎక్కువ. బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగలు మాకు దక్షిణంగా విల్లమెట్ లోయలో పండుతాయి. ఎత్తైన గుంజలకు తాళ్ళు కట్టి పాకిస్తారు. దూరం నుంచి చూస్తే మన తమలపాకు తోటలు గుర్తొస్తాయి.

బీరు తయారీ చెప్పుకుంటే చిన్నదే. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, కొద్దిగా కాల్చితే మాల్ట్. దాన్ని వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీటిని వడకట్టి, హాప్స్ పూలు వేసి ఇంకో గంట మరిగించాలి. గబగబా చల్లార్చి ఈస్ట్ వేయాలి. రెండు వారాల్లో ఈస్ట్ చక్కెరను తినేసి ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడు వదిలిపెడుతుంది. కొంచెం చక్కెర కలిపి సీసాల్లో పోసి మూతలేస్తే, లోపల మిగిలిన ఈస్ట్ ఆ చక్కెర తిని గ్యాసు పుట్టిస్తుంది. అంతే. 1516లో బవేరియా వాళ్ళు బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండకూడదని శాసనం చేశారు. అందులో ఈస్ట్ పేరు లేదు. అసలు పని చేసేదెవరో అప్పటికి వాళ్ళకు తెలియదు.

మొదటిసారి కిట్‌లో ఉన్నది ఉన్నట్టు చేశాను. తాగదగ్గట్టే వచ్చింది. ఒక్కసారి కుదిరేసరికి నాకు కొమ్ములొచ్చాయి. బార్లీ, హాప్స్ అందరూ చేసేదే, మన రుచులు వేస్తే ఎలా ఉంటుంది? మామిడి, అల్లం, చింతపండు, యాలకులు, పచ్చిమిరప... నోట్‌బుక్‌లో పద్నాలుగు రకాలు రాసుకున్నాను. పదో తరగతి టైమ్‌టేబుల్ కూడా అంత శ్రద్ధగా రాయలేదు.

రెండో బీరే మామిడిది. ఇండియన్ షాపులో దొరికే 850 గ్రాముల మామిడి గుజ్జు డబ్బాలు మూడు తెచ్చి బకెట్‌లో పోశాను. పాలకేంద్రంలో లాక్టోమీటరు చూసినవాళ్ళకు హైడ్రోమీటరు వేరే చెప్పనక్కరలేదు. చక్కెర ఎక్కువుంటే పైకి తేలుతుంది, ఈస్ట్ తింటున్నకొద్దీ కిందికి దిగుతుంది. మొదలుపెట్టినప్పుడు నా బీరు 1.052. దిగవలసింది దాదాపు 1.012కు. గుజ్జు వేసిన మూడో రోజు చూస్తే 1.020 దగ్గరుంది. వాసన బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు దోస్తులు వస్తున్నారు. సరే, చాల్లే అనుకుని, కలపాల్సిన చక్కెర కలిపి నలభై ఎనిమిది సీసాల్లో పోసి, బట్టల అలమరలో పెట్టాను.

తొమ్మిదో రోజు రాత్రి రెండు గంటలకు ఇంట్లో ఏదో పేలింది. లేచేలోపు ఇంకోటి. అలమర తలుపు తీయబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆపకపోతే ఈ రోజు నేను ఒక కన్నుతో మిమ్మల్ని చూస్తుండేవాణ్ణి. తెల్లారేసరికి పదకొండు సీసాలు పోయాయి. ఒక గాజుముక్క అలమర గోడలో దిగబడి ఉంది. ఆ గోడకు అవతల మా ఆరేళ్ళ బాబు మంచం. ఈస్ట్ ఇంకా చక్కెర తింటూనే ఉండగా నేను మూత బిగించాను. గ్యాసు పోవడానికి దారి లేదు. అది చదివి తెలుసుకున్నది కాదు, రాత్రి రెండు గంటలకు తెలిసింది. అప్పటి నుంచి మూడు రోజులు వరుసగా హైడ్రోమీటరు ఒకే అంకె చూపిస్తే తప్ప నేను సీసా ముట్టుకోను.

మిగతా సీసాలను చల్లబరిచి, మందపాటి కోటు, కళ్ళజోడు వేసుకుని ఒక్కొక్కటీ తెరిచి పారబోశాను. ఒక దాన్నుంచి గుక్కెడు తాగి చూశాను. మామిడి రుచి పెద్దగా లేదు! పండులోని తీపిని ఈస్ట్ తినేస్తే మిగిలేది కొంచెం పులుపు, కొంచెం వాసన. మామిడంటే మన నాలుకకు తీపే. తీపి లేని మామిడిని నాలుక గుర్తుపట్టదు.

మూడోది మసాలా బీరు. పంతొమ్మిది లీటర్లకు పదిహేను యాలకులు, ఎనిమిది లవంగాలు. తాగిన దోస్తు ఒకడు, “బిర్యానీ ఎప్పుడు వస్తుందిరా?” అన్నాడు. నాలుగోది పచ్చిమిరప. ఘాటు ఆల్కహాలులో బాగా కరుగుతుందని అప్పటికి తెలియదు. దాన్ని ఎవరూ పూర్తి చేయలేదు. ఐదోదానికి చింతపండు వేశాను. అది వెనిగర్ వాసన కొట్టింది. చింతపండు పులుపు అని మూడు వారాలు అందరికీ చెప్పాను. నిజానికి బకెట్ సరిగ్గా కడగలేదు. వేరే సూక్ష్మజీవులు చేరాయి. పాశ్చర్ 1876లో బీరు మీద రాసిన పుస్తకంలో గోల పెట్టిన సంగతే అది.

ఈ మాట బాపుకు ఫోన్‌లో చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు. “కుండ ఎట్ల కడిగినవ్?”

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఇది మన స్కూల్లో నేను ఇంతవరకు చెప్పని సంగతి.

మా బాపు కల్లుగీత కార్మికుడు. మోకు, ముస్తాదు, కత్తులు నడుముకు కట్టుకుని పొద్దు పొడవకముందు ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి చెట్టెక్కేవాడు. రోజుకు ఇరవై చెట్లు. తాటిచెట్టు గెల కొసను ప్రతిరోజూ పలుచగా చెక్కాలి. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది, చెక్కకపోతే ధార ఆగిపోతుంది. కాగితమంత పలుచగా చెక్కడమే పనితనం. కింద కట్టిన లొట్టిలోకి బొట్టు బొట్టుగా పడే తియ్యటి నీరు, పడుతున్నప్పుడే పులవడం మొదలవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులవదు, అది నీరా. పూయకపోతే కల్లు. పొద్దున దించింది సాయంత్రానికి ఒక రుచి, మర్నాటికి ఇంకో రుచి, ఆ తర్వాత పారబోయడమే. బాపు ఏనాడూ నిన్నటి కల్లును ఇవ్వాళ్టిదని అమ్మలేదు. పట్నాల్లో కల్లు పేరుతో క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్ళమ్మి మనుషుల్ని పాడుచేసిన రోజుల్లో కూడా, మా ఊళ్ళో చెట్టు కిందికి వచ్చి అడిగినవాడికి చెట్టు మీదిదే పోశాడు.

నేను ఎనిమిదో తరగతిలో ఇక్కడ చేరాను. బాపుకు సంతకం వరకే వచ్చు కనుక ఫారం నేనే నింపాను. ‘తండ్రి వృత్తి’ అన్న గడిలో ‘వ్యవసాయం’ అని రాశాను. పై గడిలో కులం రాసిన తర్వాత కింద గడిలో ఏం రాసినా ఎవరూ నమ్మరన్న తెలివి ఆ వయసులో లేదు. మా ఇంట్లో, నా బట్టల్లో, నా సంచిలో కల్లు వాసన ఉంటుందని నాకు భయం. మూడేళ్ళు వెనుక బెంచీలో కూర్చున్నది అందుకే, అల్లరికి కాదు. అప్పటి సార్లు క్షమించాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. మన స్కూల్లో కూడా మద్యపానం మీద వక్తృత్వ పోటీ పెట్టారు. నాకు మొదటి బహుమతి వచ్చింది. కల్లు, సారా, బ్రాందీ అన్నింటినీ ఒకే గాటన కట్టి, అమ్మేవాళ్ళు దేశద్రోహులని గట్టిగా చెప్పాను. చప్పట్లు మోగాయి. బహుమతి తీసుకుని దిగుతుంటే ఆఖరున, వేపచెట్టు కింద బాపు నిలబడి ఉన్నాడు. చెట్ల నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మోకు భుజాన అలాగే ఉంది. ఆయన కూడా చప్పట్లు కొడుతున్నాడు. దారిలో సైకిల్ తొక్కుతూ, “మంచిగ చెప్పినవ్ బిడ్డా, అసలు తడబడలే” అన్నాడు. ఇంకేమీ అనలేదు. వెనక క్యారేజీ మీద కూర్చుని బహుమతిగా వచ్చిన స్టీలు గ్లాసును నేను చొక్కాలో దాచుకున్నాను.

సైన్స్ సార్‌కు గుర్తుందో లేదో. కిణ్వప్రక్రియ పాఠం చెప్పిన రోజు బోర్డు మీద సమీకరణం రాసి, ఒక గ్లూకోజు అణువు నుంచి రెండు ఆల్కహాలు, రెండు కార్బన్ డయాక్సైడు వస్తాయని చెప్పి, ఉదాహరణ దగ్గరికొచ్చి ఆగారు. క్లాసంతా కల్లు అని అరవడానికి సిద్ధంగా ఉంది. సార్ కిటికీ వైపు చూసి, “ఇడ్లీ పిండి పొంగుతుంది చూడండి” అన్నారు. ఇడ్లీలో పని వేరే బ్యాక్టీరియాదని సార్‌కు నాకంటే బాగా తెలుసు. తెలిసే చెప్పారు. నేను అప్పుడు అర్థం చేసుకోలేదు. సార్, థాంక్స్.

2017 వేసవిలో అమ్మ, బాపు మూడు నెలలు మా దగ్గరికొచ్చారు. అప్పటికి నా లెక్క పదకొండో బీరు. అల్లం, నారింజ తొక్క, తేనె కలిపినది. గ్లాసులో పోసి బాపుకు ఇచ్చాను. ఆయన కల్లు గీసిందే గానీ తాగింది తక్కువ. ముందు వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. గ్లాసు కింద పెట్టి, “ఇందుల ఏం దాచిపెట్టినవ్‌రా?” అన్నాడు.

అల్లం, నారింజ, తేనె అని చెప్పాను.

“అవి ఎరుకైతనే ఉన్నయి. వాటి కింద ఏందో ఉన్నది.”

ఉంది. ఈస్ట్ వేసినప్పుడు గది వేడిగా ఉండి, నెయిల్ పాలిష్‌కు దగ్గరి వాసన ఒకటి వచ్చింది. దాన్ని కప్పేయడానికే అల్లం రెట్టింపు వేశాను. పోర్ట్‌లాండ్‌లో బీరు గురించి తెలిసిన నలుగురు తాగి కూడా చెప్పలేనిది, బార్లీ ఎలా ఉంటుందో చూడనాయన చెప్పాడు.

తర్వాత బాపే అన్నాడు, ఏమీ వేయకుండా ఒకటి చేసి చూపియ్ అని. మూడు నెలల్లో రెండు సార్లు కలిసి చేశాం. బకెట్ ఆయనే కడిగాడు. నేను తెచ్చిన క్రిమిసంహారక ద్రావణాన్ని నమ్మక, ముందు వేడినీళ్ళు, తర్వాత ఎండ, ఆ తర్వాతే నా ద్రావణం. రెండో రోజు ఈస్ట్ పొంగి నురుగు పైకొచ్చినప్పుడు మూత తీసి వాసన చూపించాను. బాపు చాలాసేపు తల వంచి అలాగే ఉన్నాడు. “మన చెట్టు కిందిదే” అన్నాడు. నిజంగా ఆ మాట తప్పు కాదు. బీరులో పనిచేసే శాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్ట్ కల్లులోనూ ఉంటుంది. కల్లులో దానితోపాటు ఇంకా చాలా సూక్ష్మజీవులు కాపురముంటాయి కాబట్టి రుచి వేరు. నేను డబ్బులిచ్చి ప్యాకెట్‌లో కొనేది ఆయనకు గాలిలో దొరికేది.

వాళ్ళు తిరిగి వెళ్ళాక ఆరు సార్లు వరుసగా ఏమీ వేయని బీరే చేశాను. నాలుగోది కుదిరింది. ఆ తర్వాతే మళ్ళీ డబ్బాలు తెరిచాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అమెరికా, ఇంగ్లండ్ మిత్రుల్లో ఇద్దరు ముగ్గురున్నారు కనుక వాళ్ళ కోసం ఇది కొంచెం వివరంగా చెప్తాను.

దినుసును బకెట్‌లో వేయకముందు గ్లాసులో చూడాలి. వంద మిల్లీలీటర్ల వోడ్కాలో ఇరవై గ్రాముల దినుసు దంచి వేసి రెండు రోజులు ఉంచి వడకట్టాలి. ఏమీ వేయని బీరు వంద మిల్లీలీటర్లు గ్లాసులో తీసుకుని, కంటికి మందు వేసే డ్రాపర్‌తో ఒక్కో చుక్క వేస్తూ రుచి చూడాలి. ఆరు చుక్కలు సరిపోయాయనుకోండి. ఇరవై చుక్కలు దాదాపు ఒక మిల్లీలీటరు, అంటే ఆరు చుక్కలు 0.3. పంతొమ్మిది లీటర్లకు 57 మిల్లీలీటర్లు. ఏకవస్తు పద్ధతి. ఇది ఎందుకు పనికొస్తుంది సార్ అని లెక్కల సార్‌ను అడిగిన బ్యాచ్ మాదే. నా పదిహేను యాలకుల బీరుకు ఈ లెక్క వేసి ఉంటే రెండు చాలేవి.

అన్నింటిలోకీ నాకు బాగా కుదిరింది ధనియాల బీరు. ఇది నా కొత్త ఆలోచన అనుకుని మురిసిపోయాను గానీ కాదు. బెల్జియంలో గోధుమ బీరుకు ధనియాలు, నారింజ తొక్క వేయడం ఎప్పటి నుంచో ఉంది. హూగార్డెన్ అనే ఊళ్ళో ఆ రకం బీరు చేసేవాళ్ళు 1950ల్లో లేకుండా పోతే, పాలు పోసే పియేర్ సెలిస్ అనే ఆయన 1960ల్లో మళ్ళీ మొదలుపెట్టాడు. జర్మనీలో గోస్లార్ ఊళ్ళో పుట్టిన గోజె బీరులోనైతే ధనియాలతోపాటు ఉప్పు కూడా వేస్తారు. దానికి పులుపు కూడా ఉంటుంది. అంటే రసానికి చుట్టమే. కొన్ని ధనియాలు గుండ్రంగా ఉంటాయి, మన ధనియాలు కొంచెం కోలగా ఉంటాయి. వాటిలో నిమ్మ వాసన ఎక్కువని అక్కడి బీరు చేసేవాళ్ళు వెతుక్కుని ఇండియన్ షాపుకే వస్తారు. పంతొమ్మిది లీటర్లకు ఇరవై గ్రాములు, పొడి కాకుండా రెండు ముక్కలయ్యేలా నలిపి, మరగడం ఆఖరి ఐదు నిమిషాల్లో వేయాలి. ముందే వేస్తే వాసన ఆవిరిలో పోతుంది. పొడి చేస్తే సాంబారు.

తాటిబెల్లంతో కూడా ఒకటి చేశాను. ఊరి నుంచి అమ్మ పంపింది. మాల్ట్‌లో కొంత తగ్గించి అర కిలో వేశాను. ఈస్ట్ తీపిని తినేశాక అడుగున మిగిలిన ఆ మాడు వాసన, మట్టి వాసన... దాని గురించి ఎక్కువ చెప్పను. ఏడాదికి ఒకసారే చేస్తాను, ఎవరికీ పోయను.

మా బ్యాచ్‌లో ఒకడు ఈ రోజు ఇక్కడ లేడు. నా పక్క బెంచీవాడు, నాకంటే తెలివైనవాడు. తాగుడుతో నలభై దాటకుండా పోయాడు. వాడి భార్య, కూతురు నిన్న వచ్చి వాడి ఫొటో దగ్గర పూలు పెట్టి వెళ్ళారు. నా హాబీ గురించి వాళ్ళ ముందు మాట్లాడగలనా అని నిన్న రాత్రి చాలాసేపు ఆలోచించాను. మాట్లాడలేనని తేలింది. అందుకే వాళ్ళు ఈ రోజు రావడం లేదని తెలుసుకున్నాకే ఈ మైకు పట్టుకున్నాను. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ వక్తృత్వ పోటీలో నేను చెప్పినవన్నీ అబద్ధాలు కావు, అన్నీ నిజాలూ కావు. మా ఇంట్లో శనివారం ఒక్క రోజే సీసా తెరుస్తాం, బాబుకు అది ఎందుకో చెప్పాం.

బాపుకు ఇప్పుడు డెబ్భై తొమ్మిది. చెట్టెక్కడం మానేసి పన్నెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయాడు. పొద్దున బయల్దేరుతుంటే, “ఏం మాట్లాడుతవ్ బిడ్డా?” అని అడిగాడు. నీ గురించే అన్నాను. “తడబడకు” అన్నాడు.

మొన్న కమిటీ వాళ్ళు సంచిక కోసం పూర్వ విద్యార్థుల వివరాల ఫారం ఇచ్చారు. అందులో మళ్ళీ అదే గడి ఉంది. ఈసారి ‘కల్లుగీత’ అని నింపి ఇచ్చాను. నా చేతిరాత బాగుండదు. ప్రూఫులు చూసేవాళ్ళు అది ‘కల్లుగీత’ అనే పడేలా కొంచెం జాగ్రత్తగా చూడాలని మనవి.